ఇక్కడ అందరం క్షేమం

"ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాము." ఎన్నో తరాలపాటు తెలుగువారి ఉత్తరాలు ఈ రెండు వాక్యాలతోనే మొదలయ్యేవి. 1931లో విజయనగరం - రాయపూర్ రైలుమార్గం పూర్తయిన పిమ్మట ఆ దారి వెంట బ్రతుకుతెరువుకై రాయపూర్ చేరి, అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల నడుమ కూడ ఇవే వాక్యాలు అటూ ఇటూ తిరిగాయి. కార్డుమీద మిగిలిన జాగాలో వానల సంగతి ఉండేది, పంటల సంగతి ఉండేది, ఎవరికి ఏ నెల తప్పిందో ఉండేది. అన్నదమ్ములు పొయ్యిలు వేరు పెట్టుకున్న సంగతి మాత్రం ఉండేది కాదు. అబద్ధమాడాలని కాదు. కార్డును పోస్టుమాను చదువుతాడు. ఇంటిగుట్టు లంకకు చేటు.

2019 మార్చి 1న చైనా టెలివిజన్‌లో 46 భాగాల ధారావాహిక ఒకటి ప్రారంభమయింది. దాని పేరు 'దౌ తింగ్ హావ్'. తెలుగులో చెప్పాలంటే 'అంతా బాగానే ఉంది' అని అర్థం. దూరాన ఉన్న బిడ్డ టెలిఫోనులో పలకరించినపుడు చైనాలో తల్లి చెప్పే జవాబు అది. మన కార్డుమీది 'క్షేమం' వంటిదే. ఆ కథలోని సూ వారి కుటుంబంలో బాగానే ఉన్నది ఒక్కటీ లేదు. ఆ సంగతిని దాపరికం లేకుండా చూపినందుకే ఆ నాటకం చైనాలో ఇంటింటా చర్చనీయాంశమయింది.

ఇంటి అప్రతిష్ఠను వాకిలి దాటనీయరాదని చైనీయులకు సామెత. అటువంటి దేశంలో ఇంటిపోరు తెరకెక్కడం, కోట్లమంది దానిని చూచి ఇది మా ఇల్లే అనుకోవడం ఏ విధంగా జరిగింది? ఆ ప్రశ్నకు జవాబు వెదకడానికి రాయపూర్ మంచి చోటు. సామెతను దాటి ఇంటిపోరు నలుగురిలోకి వచ్చే దారిని ఆ ఊరు అంచెలంచెలుగా చూచింది.

ముసలి పెండ్లికొడుకు

టెలివిజన్ రాకకు ఎంతో ముందునుండే ఛత్తీస్‌గఢ్ పల్లెలలో 'నాచా' ఉంది. కోతలయిన తరువాత ఆరుబయట రాత్రి మొదలై తెల్లవారేవరకు సాగే ప్రదర్శన అది. ఆడువేషాలు మగవారే కట్టేవారు. అందులోని హాస్యఘట్టాలకు వస్తువు రాజులూ దేవతలూ కాదు; మామా అల్లుడూ, మొగుడూ పెళ్ళామూ, పిల్లనిచ్చి డబ్బు పుచ్చుకునే తండ్రీ.

రాయపూర్‌లోనే 1923 సెప్టెంబరు 1న జన్మించిన నాటకకర్త హబీబ్ తన్వీర్ 1973లో అక్కడే నాచా కళాకారులతో ఒక శిక్షణ శిబిరం నడిపాడు. ప్రచారంలో ఉన్న మూడు హాస్యఘట్టాలను కలిపి ఆ శిబిరంలో తయారుచేసిన నాటకమే 'గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్'. ఊరి పేరు అత్తారిల్లు, నా పేరు అల్లుడు అని దాని అర్థం. ఒక తండ్రి కూతురిని ధనవంతుడైన ముసలివానికి కట్టబెడతాడు. ఆమెను వలచిన పడుచువాడు మారువేషంతో వచ్చి ఆమెను దక్కించుకుంటాడు. కన్యాశుల్కంలోని లుబ్ధావధాన్లను ఎరిగిన తెలుగువారికి ఈ ముసలి పెండ్లికొడుకు కొత్తవాడు కాడు.

ఆ నవ్వులో ఒక సదుపాయం ఉంది. కూతురిని అమ్ముకున్న తండ్రి ఆ ప్రేక్షకులలోనే కూర్చుని ఉండవచ్చు. అతనిని ఎవరూ వేలు పెట్టి చూపరు. అతడూ అందరితోపాటు నవ్వుతాడు. అయినా మాట చేరవలసిన చోటికి చేరుతుంది. ఇంటిపోరును కళగా మలచడంలోని మొదటి రహస్యం ఇదే: మన సంగతిని మరొకరి పేరున చెప్పుకోవడం.

ఆకాశం నుండి వచ్చిన పెట్టె

1975 ఆగస్టు 1న అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సాయంతో భారతదేశంలో ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం మొదలయింది. ఆరు రాష్ట్రాలలోని 20 జిల్లాలలో దాదాపు 2,400 గ్రామాలను ఇందుకు ఎంపిక చేశారు. నాటి మధ్యప్రదేశ్ నుండి రాయపూర్, బిలాస్‌పూర్, దుర్గ్ జిల్లాలు. ఆంధ్రప్రదేశ్ నుండి హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు ఆ పట్టికలో ఉన్నాయి. ఊరుమ్మడి చోట ఒక పెట్టె, దాని పక్కన తీగెల వలతో అల్లిన పదడుగుల గొడుగు. ఉదయం గంటన్నర పిల్లలకు, సాయంకాలం రెండున్నర గంటలు పెద్దలకు. ఎరువుల గూర్చి, పురుగుమందుల గూర్చి, పసిపిల్లల ఆరోగ్యం గూర్చి, కుటుంబ నియంత్రణ గూర్చి అందులో చెప్పేవారు. రాయపూర్ పల్లెవారి ఇంటిమాట ఛత్తీస్‌గఢీ. పెట్టె మాత్రం హిందీలో మాట్లాడేది.

1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది. ఆ తరువాత 1977-78లలో ప్రయోగ ప్రాంతాలకు నేలమీది ప్రసార కేంద్రాలు వచ్చినపుడు రాయపూర్‌కూ ఒకటి దక్కింది. అయితే పాఠం వేరు, కథ వేరు. ఎక్కువమంది పిల్లలను కనవద్దని పెట్టె చెబితే జనం తల ఊపి ఇంటికి వెళతారు. ఆ రాత్రి ఆ ఇంటిలో అత్తా కోడలూ మొగుడూ ఆ విషయమై ఏమనుకుంటారో చూపినపుడే అది వారి కథ అవుతుంది.

ఆ మలుపు 1984లో వచ్చింది. మెక్సికోలో మిగెల్ సబిదో అనే రచయిత, నిర్మాత సంఘ సంస్కరణకై కుటుంబ ధారావాహికలను నడిపిన పద్ధతి మన పాలకులను ఆకర్షించింది. దాని ఫలితమే 'హమ్ లోగ్'. మనోహర్ శ్యామ్ జోషీ రచన, పి. కుమార్ వాసుదేవ్ దర్శకత్వం. 1984 జూలై 7 నుండి 1985 డిసెంబరు 17 వరకు 156 భాగాలుగా దూరదర్శన్‌లో ప్రసారమయింది. తాగుడు మరిగిన తండ్రి బసేసర్ రామ్, అన్నిటికీ తలవంచే తల్లి భగవంతి, ఉద్యోగం దొరకని కొడుకు, పెళ్ళికెదిగిన కూతుళ్లు, మూల గదిలో తాతా నాయనమ్మా. చాలీచాలని ఇల్లు, చాలీచాలని జీతం. ప్రతి భాగం చివర నటుడు అశోక్ కుమార్ తెరపైకి వచ్చి ఆనాటి కథ గూర్చి ప్రేక్షకులతో ముచ్చటించేవాడు. దాదాపు నాలుగు లక్షల ఉత్తరాలు వచ్చాయి. కార్డుమీద 'అందరం క్షేమం' అని వ్రాసే అలవాటున్న జనం, ఇంటి కష్టసుఖాలను ఒక నటునికి విప్పి చెప్పుకున్నారు.

ఆ ధారావాహికను పరిశీలించిన అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకులకు ఒక వింత కనిపించింది. భగవంతి పాత్రను సృష్టించినవారి ఉద్దేశం వేరు. నోరు మెదపని ఇల్లాలు ఎన్ని అవమానాలు పడుతుందో చూచి, ఆడవారు ఆమెవలె ఉండరాదని గ్రహించాలని వారి తలంపు. ప్రేక్షకులలో చాలామంది ఆడవారు మాత్రం ఆమెనే ఆదర్శంగా తీసుకున్నారు. ఉన్నది ఉన్నట్లు చూపినంత మాత్రాన చూపరులు దానిని తప్పుగా గుర్తిస్తారన్న హామీ లేదు. ఓర్చుకునేవారి కోసం కన్నీరు కార్చడం తేలిక. ఆ ఓర్పు వలన లాభపడినవారెవరు అని అడగడం కష్టం.

చైనా భగవంతి

చైనాకు ఈ అనుభవం 1990లో కలిగింది. ఆ సంవత్సరం వచ్చిన 50 భాగాల ధారావాహిక 'కవాంగ్'. తీరని తపన అని చెప్పుకోవచ్చు. చాలవరకు లోపలి సెట్లలోనే చిత్రించిన ఆ కథ సాంస్కృతిక విప్లవపు రోజులలో ప్రారంభమవుతుంది. ల్యూ హ్వేఫాంగ్ అనే కార్మిక యువతి తనను కోరిన తోటి కార్మికుని కాదని, చదువుకున్నవాడైన వాంగ్ హూషెంగ్‌ను పెండ్లాడుతుంది. దొరికిన పసిపాపను తెచ్చి పెంచుతుంది. ఆ పాప కారణంగా భర్తతో, అతని అక్కతో తగవులు ముదురుతాయి. తీరా ఆ పాప ఆ అక్క పోగొట్టుకున్న బిడ్డేనని తేలుతుంది. భర్త పోతాడు, ఆరోగ్యం పోతుంది. హ్వేఫాంగ్ మంచం పట్టి కూడ ఎవరినీ నిందించదు.

ఆ ధారావాహిక ప్రసారమయ్యే వేళ వీధులు నిర్మానుష్యమయ్యేవని నాటివారు చెప్పుకున్నారు. రాజకీయ నినాదాల మధ్య దశాబ్దాలు గడిపిన జనానికి వంటగది, పసిబిడ్డ, ఆడపడుచు, విడాకులు కథావస్తువులయి కనిపించడమే ఒక ఉపశమనం. అయితే విమర్శకులు, ముఖ్యంగా స్త్రీల పక్షాన మాట్లాడినవారు, ఆనాడే ఒక ప్రశ్న వేశారు. ఇంత సహనాన్ని ఇంత అందంగా చూపితే, నష్టపోయినవారు నష్టపోతూనే ఉండాలని చెప్పినట్లు కాదా?

ఢిల్లీలో భగవంతి, పెకింగ్‌లో హ్వేఫాంగ్. ఆరేళ్ల వ్యవధిలో రెండు దేశాలూ ఒకే స్త్రీని చూచి ఏడ్చాయి.

ఇంటి వెల

ఆ తరువాత చైనాలో కుటుంబ కథలు మారడానికి కారణం రచయితల ధైర్యమొక్కటే కాదు. ఇళ్ల ధరలు కూడ. పూర్వం పట్టణాలలో పని ఇచ్చిన సంస్థే ఇల్లు కేటాయించేది. 1998 సంస్కరణతో ఆ పద్ధతి నిలిచిపోయింది. అప్పటినుండి ఇల్లంటే కొనవలసిన సరుకు. కొడుకు పెళ్ళికి ఇల్లు కావాలి. ఇంటికి ముసలి తల్లిదండ్రులు దాచుకున్న సొమ్ము కావాలి. ఆ సొమ్ముతోపాటు అత్తగారు కూడ ఇంటిలోకి వస్తుంది.

ల్యూ ల్యూ అనే కలంపేరుగల రచయిత్రి నవలల ఆధారంగా వచ్చిన రెండు ధారావాహికలు ఈ స్థితికి అద్దం పట్టాయి. 2007 నాటి 'షువాంగ్ మ్యెన్ జ్యావ్'లో షాంఘై కోడలి ఇంటికి ఈశాన్య ప్రాంతం నుండి అత్తమామలు వస్తారు. పేరుకు అర్థం 'రెండువైపులా అంటుకునే జిగురు పట్టీ'. ఆ పట్టీ ఎవరో కాదు, తల్లికీ భార్యకూ మధ్య చిక్కిన భర్త. తెలుగులో అతనినే అడకత్తెరలో పోకచెక్క అంటాము. పోరు మొదలయ్యేది పెద్ద విషయంతో కాదు. కొడుకు వంటింటి పని చేయడం తల్లి కంటపడుతుంది, అంతే. 2009 నాటి 'వోజ్యూ', అనగా నత్తగుల్ల వంటి ఇల్లు, సొంత గూటికై అప్పుల పాలయ్యే అక్కాచెల్లెళ్ల కథ.

ఇటువంటి కథలకు దేశపు ఎల్లలు అడ్డురావు. విడిపోయి మరల వివాహాలు చేసుకున్న దంపతుల కొడుకును పెండ్లాడి ఇద్దరేసి అత్తలతో వేగే మావ్ దౌదౌ అనే కోడలి కథను 2011లో టాంజానియాలో స్వాహిలి భాషలో ప్రసారం చేయగా, అక్కడి ప్రేక్షకులు దానిని ఎంతో ఆదరించారు. ప్రతి ఇంటా చదవడానికి కష్టమైన సూత్రగ్రంథమొకటి ఉంటుందని చైనీయుల మాట. ఇంటింటా మట్టి పొయ్యే అని తెలుగువారు అంటారు. రాయపూర్ బజారులో హిందీ మాట్లాడేవారు కూడ 'ఘర్ ఘర్ మిట్టీ కే చూల్హే' అని అక్షరాలా అదే సామెత చెబుతారు.

లెక్కల పుస్తకం

ఇక మొదట చెప్పుకున్న 'అంతా బాగానే ఉంది' దగ్గరకు వస్తే, ఆ నాయ్ అనే రచయిత్రి నవల దానికి ఆధారం. సూజౌ నగరం రంగస్థలం. కథ తల్లి ఆకస్మిక మరణంతో మొదలవుతుంది. పెద్దకొడుకు అమెరికాలో చదివి అక్కడే ఉద్యోగంలో ఉన్నాడు. రెండవవాడు ఊళ్లోనే ఉన్నాడు. కూతురు మింగ్‌యూ ఇంటితో తెగతెంపులు చేసుకుని, సొంత కష్టంతో పైకి వచ్చి, పెద్ద జీతం తెచ్చుకుంటున్నది. తండ్రి సూ దాచ్యాంగ్ జన్మంతా భార్య చాటున నోరెత్తక బ్రతికినవాడు. ఇప్పుడతనిని ఎవరు చూడాలి?

ఇక్కడే ఆ ధారావాహిక పాత దారి విడిచింది. తల్లి చనిపోయింది గనుక ఆమెను దేవతను చేయలేదు. కొడుకు విదేశీ చదువుకై ఇంటిలో కొంత అమ్మిన ఆ తల్లే, తెలివైన కూతురిని కోరిన విశ్వవిద్యాలయానికి పంపక, డబ్బు ఖర్చుకాని ఉపాధ్యాయ శిక్షణకు తోసింది. తండ్రి వృద్ధుడు గనుక అతనిని పూజ్యుని చేయలేదు. భార్య పోయిన మరునాటి నుండి అతడు పిల్లలను పీడించే పసివాడయ్యాడు. పెద్ద ఇల్లు కొనిపెట్టమంటాడు, చేత్తో విసిరిన కాఫీ గింజల కాఫీయే కావాలని మారాము చేస్తాడు. నీ దాహుంగ్ అనే నటుడు ఆ ముసలివానిని ఎంత సహజంగా పోషించాడంటే, ప్రేక్షకులు ఒకే నిమిషంలో నవ్వుకున్నారు, మండిపడ్డారు, జాలిపడ్డారు. కూతురుగా నటించిన యావ్ చెన్ ముఖంలో భగవంతి దైన్యం లేదు. ఆమె కన్నీరు పెట్టదు; లెక్క అడుగుతుంది.

లెక్క అన్నది అలంకారం కాదు. ఆ ఇంటిలో నిజంగానే జమాఖర్చుల పుస్తకం ఒకటి బయటపడుతుంది. తల్లిదండ్రులకు తానే ఆసరా అని చెప్పుకునే రెండవ కొడుకు వారి వద్ద ఎంతెంత పట్టుకుపోయాడో అందులో పద్దులు ఉన్నాయి. ప్రేమాభిమానాల పేరిట నడిచిన సంసారం వెనుక ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అన్నది అంకెలతో సహా తెరమీదికి వచ్చింది. మేలైన చైనా కుటుంబ కథలలోని వాస్తవికత అంతా ఇందులో ఉంది. అరుపులు, శాపనార్థాలు ఏ నాటకంలోనైనా ఉంటాయి. ఏ గది ఎవరికి, ఏ ఫీజు ఎవరు కట్టారు, ఎవరి చదువు ఆపి ఎవరిని చదివించారు అన్న పద్దులు చెప్పినపుడే పోరుకు మూలం తెలుస్తుంది.

రాయపూర్ కూతురు, కర్నూలు కూతురు

ఈ పద్దులు మనకూ ఉన్నాయి. చైనా వారసత్వ చట్టం 1985 అక్టోబరు 1న అమలులోకి వచ్చి కొడుకులకూ కూతుళ్లకూ సమాన హక్కు చెప్పింది. 2021 నుండి అది పౌరస్మృతిలో భాగమయింది. వింతయేమంటే, ఆంధ్రప్రదేశ్‌లో హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా జన్మహక్కు కల్పించిన సవరణ కూడ 1985 సెప్టెంబరు 5 నుండే వర్తించింది. రెండింటికీ నెలరోజుల తేడా కూడ లేదు. అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్లకు మాత్రం ఆంధ్ర సవరణ వర్తించలేదు.

1975లో కర్నూలు పల్లెలో, రాయపూర్ పల్లెలో ఒకే ఉపగ్రహం పంపిన బొమ్మలు చూచిన ఇద్దరు ఆడపిల్లలను ఊహించుకోవచ్చు. ఉమ్మడి ఆస్తిలో సమాన భాగం ఆంధ్రదేశపు అవివాహిత పిల్లకు 1985లో చట్టరీత్యా దక్కింది. రాయపూర్ పిల్ల 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టానికి సవరణ వచ్చేవరకు ఇరవై సంవత్సరాలు వేచి ఉంది. ఆ నాటికి తండ్రి బ్రతికి ఉన్నా లేకున్నా ఆ హక్కు చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చినది 2020 ఆగస్టు 11న.

చట్టం వచ్చినా చేతికి రావడం వేరు. పసుపుకుంకుమల క్రింద ఇచ్చింది చాలదా అన్న మాటతో, పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో, ఎందరో తెలుగు ఆడపడుచులు విడుదల దస్తావేజుమీద సంతకం చేస్తారు. హిందీ నాట దానిని హక్ త్యాగ్ అంటారు. సంతకం చేసినామె మంచి ఆడపడుచు. భాగం అడిగినామె గయ్యాళి. ఓర్పును సద్గుణమని మెచ్చుకునే ప్రేక్షకుల తీర్పు నిత్యజీవితంలో ఈ రూపం ధరిస్తుంది.

రెండు దేశాలూ వృద్ధుల విషయం కూడ చట్టానికి ఎక్కించవలసి వచ్చింది. తల్లిదండ్రుల పోషణను సంతానపు బాధ్యతగా నిర్దేశించే చట్టం భారతదేశంలో 2007లో వచ్చింది. వేరుగా ఉన్న పిల్లలు తల్లిదండ్రులను తరచు వచ్చి చూచి పలకరించాలని చైనా సవరణ 2013 జూలై 1 నుండి చెప్పింది. పలకరింపును కూడ శాసనం చేయవలసి వచ్చిందంటే, టెలిఫోనులో వినిపించే 'అంతా బాగానే ఉంది' వెనుక ఎంత ఉన్నదో ఊహించవచ్చు.

ఆలస్యంగా వచ్చిన పుస్తకం

చైనా ధారావాహికలకు హద్దులూ ఉన్నాయి. ప్రభుత్వ అనుమతి లేనిదే అవి ప్రసారం కావు. ఎంతటి పోరయినా చివరకు కుటుంబం ఒక చోట చేరాలన్న సంప్రదాయం అక్కడ బలమైనది. 'అంతా బాగానే ఉంది' కూడ ఆ దారినే ముగిసింది. తండ్రికి మతిమరపు వ్యాధి వస్తుంది. కూతురు ఉద్యోగం వదలి అతనిని చూచుకుంటుంది. ఇంత లెక్క అడిగి చివరకు మరల ఆమె చేతనే సేవ చేయించారేమని చైనాలో ఎందరో ప్రేక్షకులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో న్యాయం ఉంది.

అయినా ఆ ముగింపులోని ఒక ఘట్టం చూచినవారు మరువలేరు. అన్నీ మరచిన ముసలివాడు ఒకనాడు దారితప్పి పుస్తకాల అంగడికి పోతాడు. మింగ్‌యూ బడిలో చదివేనాడు ఒక అభ్యాస పుస్తకం కావాలని అడిగింది. అది ఆనాడు ఎవరూ కొనివ్వలేదు. ఆ ఒక్క బాకీ అతనికి జ్ఞాపకం ఉంది. ఎదురుగా నిలిచినది తన కూతురేనని పోల్చుకోలేని స్థితిలో కూడ, ఆ పుస్తకం కొని తీసుకుపోవాలని అతని ఆరాటం.

ఇంటి తగవు తీర్చడం ఎంత ధర్మమూర్తియైన న్యాయాధికారికీ కష్టమేనని చైనీయులే అంటారు. టెలివిజన్ నాటకానికి ఆ శక్తి ఎక్కడిది? నాడు నాచా చేసిన పనినే అదీ చేయగలదు. ఒకే గదిలో కూర్చున్న తండ్రీ కూతుళ్లు తమ పేర్లు ఎత్తకుండా, తెరమీది ముసలివాని గూర్చి తగవులాడుకుంటూ, అసలు మాటకు దగ్గరగా పోవచ్చు.

నేడు రాయపూర్ ఛత్తీస్‌గఢ్ రాజధాని. విజయనగరం వైపు వెళ్లే రైళ్లు నడుస్తూనే ఉన్నాయి. కార్డుల స్థానంలో చేతి టెలిఫోనులు వచ్చాయి. అటునుండి తల్లి కులాసాయేనా అని అడుగుతుంది. ఇటునుండి కూతురు ఆఁ, అందరం కులాసా అంటుంది. ఒక్క క్షణం ఇద్దరూ మాట్లాడరు. భాగం సంగతి గాని, ఆగిపోయిన చదువు సంగతి గాని, నాడు కొనివ్వని పుస్తకం సంగతి గాని చెప్పడానికి ఆ క్షణం చాలు. తండ్రికి జ్ఞాపకశక్తి ఉండగానే ఆ మాట చెప్పగలిగిన ఇల్లు అదృష్టం చేసుకున్నది.